ఆడి మాసంలో దొరికిన ఇల్లు

నెల్లూరులో ఒక ప్రైవేటు సంస్థ లెక్కల విభాగంలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న నాకు, అరవై మూడో ఏట పరాయి రాష్ట్రంలో అద్దె ఇంటి కోసం వీధులు తిరగవలసి వస్తుందని ఎన్నడూ అనిపించలేదు. మా అమ్మాయి కుటుంబం చెన్నైలోని కొరట్టూరులో ఉంటోంది. అల్లుడి ఉద్యోగం అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేటులో. ఇద్దరు చిన్నపిల్లలతో ఒక్క పడకగది ఇంట్లో సర్దుకుంటున్న వాళ్లకు మేము కూడా తోడయితే కాళ్లు చాపుకునే చోటుండదు. మా ఆవిడకు గుండె పరీక్షల కోసం నెల నెలా చెన్నై రావడం, రెండు రోజులు అమ్మాయి ఇంట్లో ఇరుకున గడపడం, మళ్లీ రైలెక్కడం ఏడాదిపాటు సాగాక, 2025 వేసవిలో మేమిద్దరం కూర్చొని, అమ్మాయి ఇంటికి నడిచి వెళ్లగలిగినంత దూరంలో వేరే ఇల్లు తీసుకోవడమే మేలని తేల్చుకున్నాము.

తేల్చుకోవడం వరకు సులభమే. మా ఆదాయం చెబితే తప్ప తరువాత జరిగినది అర్థం కాదు కనుక దాపరికం లేకుండా చెబుతున్నాను. ఉద్యోగుల పింఛను పథకం కింద నాకు నెలకు 3,100 రూపాయలు వస్తాయి. సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో నా పేరిట 20 లక్షలు, పుట్టింటి స్థలం అమ్మగా వచ్చిన డబ్బుతో మా ఆవిడ పేరిట 10 లక్షలు ఉన్నాయి. రెంటికీ 8.2 శాతం వడ్డీ కనుక మూడు నెలలకొకసారి 61,500 చేతికి వస్తుంది, అంటే నెలకు 20,500. అన్నీ కలిపి 23,600 రూపాయలు. ఇవి కాక ఆస్పత్రి అవసరాల కోసం బ్యాంకులో విడిగా ఉంచుకున్న రెండు లక్షలు. మందులకు, కూరలకు, పాలకు, మనవళ్ల చేతిలో పెట్టే చిల్లరకు పోగా అద్దెకు పదివేలకు మించి ఇవ్వలేమని కాగితం మీద రాసుకొని బయలుదేరాము.

చెన్నైలో ఇళ్లు వెతికే తెలుగువాడికి మొదట ఎదురయ్యే వినోదం టులెట్ బోర్డు. నాకు అరవం మాట్లాడితే సగం అర్థమవుతుంది కానీ చదవడం రాదు. మా మనవడు బడిలో నేర్చుకుంటున్న అక్షరాలను కూడబలుక్కుంటూ, ఒక గేటు దగ్గర ఆగి, "వీడు వాడగైక్కు" అని గట్టిగా చదివాడు. మా ఆవిడ ఉలిక్కిపడి ఆ గేటు లోపల నిలబడ్డ పెద్దమనిషి వైపు చూసి, "వాడిని అద్దెకిస్తారా?" అని నవ్వింది. అరవంలో వీడు అంటే ఇల్లని అమ్మాయి చెప్పాక కూడా, ఆ తరువాత నెలరోజులపాటు మా ఇద్దరి మధ్య ప్రతి ఇంటికీ అదే పేరు. "మొన్న చూసిన వీడి కంటే ఈ వీడే నయం" అనుకుంటూ తిరిగాము.

విల్లివాక్కం నుంచి అంబత్తూరు దాకా రైలు మార్గం వెంట ఉన్న పాత వీధుల్లో మా స్తోమతకు తగిన ఇళ్లు ఉన్నాయి. అపార్ట్‌మెంట్లు కావు. యజమాని కుటుంబం ముందు భాగంలో ఉండి, వెనుక భాగాన్నో మేడనో పోర్షన్లుగా చేసి అద్దెకిచ్చే ఇళ్లు. ఈ దారిలో లోకల్ రైళ్లు తరచుగా ఉంటాయి, కనీస ఛార్జీ అయిదు రూపాయలే కనుక ఆస్పత్రికి వెళ్లిరావడం భారం కాదు. పెరంబూరు, విల్లివాక్కం వైపు రైలు పెట్టెల కర్మాగారం, రైల్వే ఉద్యోగాల మూలంగా తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. కూరగాయల బండి దగ్గర మన మాట వినిపించడం మా ఆవిడకు కొండంత ధైర్యాన్నిచ్చింది.

అయితే ముసలివాళ్లకు ఇల్లివ్వడానికి యజమానులు జంకుతారన్న సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. పెళ్లికాని కుర్రాళ్లకు ఇవ్వరని విన్నాను, మాంసం తినేవాళ్లకు ఇవ్వరని విన్నాను, కానీ ఏ గొడవా లేని మా వంటి వాళ్లను ఎవరు కాదంటారని అనుకున్నాను. ఒక ఇంట్లో అన్నీ కుదిరాయి. అద్దె 9,500, మొదటి అంతస్తు, గాలి వెలుతురు పుష్కలం. ఇల్లు చూపిస్తున్న ఆవిడ, మెట్ల కమ్మిని పట్టుకొని ఒక్కొక్క మెట్టూ రెండు కాళ్లూ ఆనించి ఎక్కుతున్న మా ఆవిడను పైనుంచి చూస్తూ నిలబడింది. మేము పైకి చేరాక ఇల్లు గురించి ఏమీ చెప్పకుండా, "ఆస్పత్రికి ఎన్నాళ్లకోసారి వెళ్తారు?" అని అడిగింది. నెలకోసారి అని మా ఆవిడ నిజమే చెప్పింది. ఆ సాయంత్రం బ్రోకరు ఫోను చేసి, ఆ ఇల్లు ఎవరికో ఖాయమైపోయిందన్నాడు. బోర్డు మాత్రం ఇంకో మూడు వారాలు ఆ గేటుకే వేలాడుతూ ఉంది. రోజూ పాలకు వెళ్తూ చూసేవాడిని.

ఇంట్లో చావు జరిగితే మళ్లీ అద్దెకు ఎవరూ రారన్న భయమే దీనికి మూలమని తరువాత వేరొక బ్రోకరు మొహమాటం లేకుండా చెప్పాడు. కోపం వచ్చిన మాట వాస్తవమే. కానీ కోపం వల్ల ఇల్లు దొరకదు కదా. అప్పటి నుంచి మేము ఇల్లు చూడబోయేటప్పుడు అమ్మాయిని వెంట తీసుకుపోయి, ఆమె ఇల్లు రెండు వీధుల అవతలే ఉందని, ఏ అర్ధరాత్రి అవసరం వచ్చినా యజమానిని నిద్రలేపబోమని, అద్దె ఒప్పందంలో సాక్షిగా అమ్మాయే సంతకం చేస్తుందని మేమే ముందుగా చెప్పేవాళ్లం. ముఖం చిట్లించేవాళ్లు అప్పుడూ చిట్లించారు గానీ, పగలంతా ఇంట్లో మనిషి ఉంటే తమకూ కాపలాగా ఉంటుందని భావించే యజమానులు కూడా ఉన్నారని అలాగే తెలిసింది.

అసలు చిక్కు అడ్వాన్సు. మా నెల్లూరులో రెండు నెలల అద్దె ముందు కట్టించుకుంటే అదే ఎక్కువ. చెన్నైలో పది నెలల అడ్వాన్సు అడగడం ఎన్నో ఏళ్లుగా ఆనవాయితీ. తమిళనాడులో ఇంటి యజమాని, అద్దెదారుల హక్కులు, బాధ్యతలపై 2017లో చేసిన చట్టం 2019 ఫిబ్రవరి నుంచి అమలులో ఉంది. అందులో మూడు నెలల అద్దెకు మించి డిపాజిట్ తీసుకోరాదని ఉంది కానీ, ఒప్పందంలో వేరే విధంగా రాసుకుంటే తప్ప అన్న మినహాయింపు కూడా ఆ వాక్యంలోనే ఉంది. ఆ చిన్న సందులోంచే పది నెలల ఆనవాయితీ ఇప్పటికీ దర్జాగా నడుస్తోంది. చట్టం పేరెత్తితే యజమానులు నవ్వి ఊరుకుంటారు, అయినా ఎత్తాలి. పది అడిగినవాళ్లు ఆరుకో అయిదుకో దిగిరావడానికి ఆ మాట పనికొస్తుంది. ఇల్లు ఖాళీ చేసి అప్పగించిన నెలలోపు, న్యాయంగా పట్టుకోవలసినవి పట్టుకొని, మిగతాది తిరిగి ఇవ్వాలని కూడా ఆ చట్టంలో ఉంది. కాగితం మీద రాసుకోని అడ్వాన్సుకు ఈ రక్షణ ఏదీ అక్కరకు రాదు.

జీతగాడికి పది నెలల అడ్వాన్సు ఒక అప్పుతోనో బోనసుతోనో గడిచిపోయే ఇబ్బంది. వడ్డీ మీద బతికేవాడికి అది ఇబ్బందితో ఆగదు, నెలసరి ఆదాయంలోనే కోత పెడుతుంది. లెక్కల గుమాస్తాను కనుక నేను ప్రతి ఇంటికీ ఒక కాగితం పెట్టి, అద్దెతో పాటు అడ్వాన్సు మీద పోయే వడ్డీని కూడా కలిపి రాసుకున్నాను. విల్లివాక్కంలో మూడో అంతస్తు ఇల్లు ఒకటి 9,000కే వచ్చింది. అందరూ వెంటనే తీసుకోమన్నారు. దాని అడ్వాన్సు 90,000. ఆ డబ్బుకు 8.2 శాతం చొప్పున ఏడాదికి 7,380, నెలకు 615 రూపాయల వడ్డీ పోయినట్లే. కరెంటుకు విడి మీటరు లేదు, యజమాని తగిలించిన సబ్‌మీటరు ఉంది, యూనిట్‌కు 9 రూపాయలు. తమిళనాడులో రెండు నెలలకొకసారి వచ్చే గృహావసరాల బిల్లులో అప్పటికి మొదటి 100 యూనిట్లు ఉచితం, కానీ సబ్‌మీటరు ఉన్న చోట ఆ ఉచితం యజమాని ఖాతాకే పోతుంది. మేము రెండు నెలలకు 160 యూనిట్ల దాకా కాలుస్తాము కనుక 1,440, అంటే నెలకు 720. ఖాళీ చేసేటప్పుడు సున్నాలకు, రంగులకు ఒక నెల అద్దె కోసుకుంటామన్నారు. రెండేళ్లు ఉంటామనుకుంటే నెలకు 375. వేసవిలో లారీ నీళ్లకు మా వాటా సగటున నెలకు 400. అన్నీ కూడితే 9,000 ఇల్లు 11,110 రూపాయల ఇల్లయింది. పైగా మూడు అంతస్తుల మెట్లు. బ్రోకరు ఈ లెక్క చూసి, "సార్, ఇలా లెక్కపెడితే మీరు ఈ ఊళ్లో ఉండలేరు" అన్నాడు.

ఇక్కడే లీజు సంగతి కూడా చెప్పాలి. చెన్నైలో లీజు అంటే, పెద్ద మొత్తం ఒకేసారి యజమానికి ఇచ్చి, రెండు మూడేళ్లు అద్దె లేకుండా ఉండి, ఖాళీ చేసేటప్పుడు ఆ మొత్తాన్ని వడ్డీ లేకుండా తిరిగి తీసుకోవడం. పాతకాలపు భోగ్యం లాంటిదే. కొరట్టూరులోనే ఒక ఇంటిని ఏడు లక్షలకు లీజుకు ఇస్తామన్నారు. ఏడు లక్షలకు ఏడాది వడ్డీ 57,400, నెలకు 4,783. పదివేల అద్దె ఇల్లు సగం ధరకే వస్తోందని అల్లుడు ఉత్సాహపడ్డాడు, ఒప్పుకోవద్దూ, నేనూ ఒక రాత్రంతా ఊగిసలాడాను. తెల్లవారాక రెండు సంగతులు తేలాయి. మొదటిది, పొదుపు పథకంలోంచి కావలసినంత మేరకు తీసుకునే వీలు లేదు, ఖాతా మొత్తం మూసేయాలి. మా ఆవిడ ఖాతా తెరిచి ఏడాది దాటి రెండేళ్లు నిండలేదు కనుక అసలులో ఒకటిన్నర శాతం, అంటే 15,000 కోసుకుంటారు. రెండోది, ఆ ఇంటి మీద బ్యాంకు అప్పేదైనా ఉందేమోనని రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఉచితంగా దొరికే ఈసీ (ఆ ఆస్తి మీది లావాదేవీలు చూపే పత్రం) తీసి చూస్తే తాకట్టు కనబడింది. యజమాని ఆ మాట చెప్పలేదు. ఏడాదికి మించిన లీజును తప్పనిసరిగా రిజిస్టర్ చేయాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది. రిజిస్ట్రేషన్‌కు వద్దామని అడగగానే, "తెల్లకాగితం మీద రాసుకుంటే చాలదా, నమ్మకం లేదా?" అని ఆయనే నొచ్చుకున్నాడు. వయసులో ఉన్నవాడు ఏడు లక్షలు పోగొట్టుకుంటే మళ్లీ సంపాదించుకోవచ్చు. మా ఏడు లక్షలు పోతే ప్రతి నెలా బియ్యం సంచీ, మందుల చీటీ దానితోనే పోతాయి. లీజు ఇల్లు ఎంత చవకైనా పింఛనుదారుడు దాని జోలికి పోకూడదనే నా అభిప్రాయం, అల్లుడు మాత్రం ఇప్పటికీ ఒప్పుకోడు.

నీటి విషయంలో మా ఆవిడ నాకంటే గట్టిది. ప్రతి ఇంట్లోనూ ఆమె ముందుగా స్నానాల గదిలోకి పోయి బకెట్టు అంచును, కుళాయి మూతిని వేలితో రుద్ది చూసేది. తెల్లటి పొక్కు గట్టిగా పేరుకొని ఉంటే ఆ బోరు నీళ్లతో పప్పు ఉడకదని తేల్చేసేది. మెట్రో వాటర్, అంటే నగర నీటి సరఫరా సంస్థ నీళ్లు, సంపులోకి వస్తుందా, ఎన్ని రోజులకొకసారి వస్తుంది అన్నది యజమానిని కాక పక్కింటి వాళ్లను అడగాలి. 2019 వేసవిలో పూండి, చోళవరం, రెడ్ హిల్స్, చెంబరంబాక్కం జలాశయాలు ఎండిపోయి ఊరంతా లారీల వెంట పరుగెత్తిన రోజులు ఇక్కడ ఎవరూ మరచిపోలేదు. పూండికి వచ్చే కృష్ణా నీళ్లు మా నెల్లూరు వైపు కండలేరు నుంచి కాలువలో వచ్చేవేనని నేను గొప్పగా చెప్పబోతే, "అయితే మీ ఊళ్లోనే ఉండి తాగకపోయారా" అని ఒక యజమాని చమత్కరించాడు. వరదల మాటకు వస్తే, 2015 డిసెంబరులోనూ, తీరం దాటింది బాపట్ల దగ్గరే అయినా 2023 డిసెంబరులో చెన్నైని ముంచిన మిచౌంగ్ తుపానులోనూ ఆ వీధిలో నీళ్లు ఎంతదాకా వచ్చాయో అడగాలి. కింది అంతస్తు గోడకు మోకాలి ఎత్తు వరకు మాత్రమే కొత్త రంగు కనబడితే ఇక అడగనక్కరలేదు.

ఇలా జూన్ అంతా, జులై సగం తిరిగాక, మా పాల కొట్టతను చెప్పిన ఒక మాట మాకు కలిసొచ్చింది. అరవవాళ్లు ఆడి మాసంలో ఇల్లు మారరు. మనం ఆషాఢంలో మారనట్లే. కానీ వాళ్లది సౌరమానం, మనది చాంద్రమానం. 2025లో మన ఆషాఢం జులై 24తో ముగిసి 25న శ్రావణం వచ్చింది. వాళ్ల ఆడి మాత్రం జులై 17న మొదలై ఆగస్టు 16 దాకా ఉంది. అంటే ఇరవై రోజులకు పైగా మనకు మంచి రోజులు, వాళ్లకు కావు. ఆ రోజుల్లో ఖాళీ అయిన ఇల్లు తరువాతి నెల ఆవణి వచ్చేదాకా ఖాళీగా ఉండవలసిందే కనుక, ఒక నెల అద్దె పోగొట్టుకోవడం కంటే కొంత తగ్గడం మేలని యజమానులకు తోస్తుంది. జూన్‌లో బేరమే వినని వీధుల్లో ఆడిలో కుర్చీ వేసి కూర్చోబెట్టి మాట్లాడారు.

కొరట్టూరులో అమ్మాయి ఇంటికి రెండు వీధుల అవతల, కింది అంతస్తులో వెనుక పోర్షన్. ఒక హాలు, ఒక పడకగది, ఇద్దరు నిలబడితే మోచేతులు తగిలే వంటగది. యజమానురాలు మూడు తరాలుగా మద్రాసులో ఉన్న తెలుగింటి ఆడపడుచు. తెలుగు చదవడం రాదు, మాట్లాడటం వచ్చు. మా ఆవిడ యాస వినగానే, "మీరు నెల్లూరు వైపా అక్కా? మా అవ్వ కూడా ఇట్లనే మాట్లాడేది" అని లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చింది. అంత మాత్రాన అడ్వాన్సు తగ్గించలేదు సుమా. అద్దె 9,500, పది నెలలకు 95,000 అడిగింది. మజ్జిగ తాగుతూనే నేను నా కాగితం తీశాను. ఆడి మాసమని, మేము ఈ వారమే దిగుతామని, అద్దె ప్రతి నెలా మూడో తేదీలోపు ఇస్తామని చెప్పి మూడు నెలల దగ్గర మొదలుపెట్టాను. చివరికి అయిదు నెలలకు, 47,500కు కుదిరింది. రంగులకు ఒక నెల అద్దె కోసుకోవడం తప్పలేదు గానీ, అంతకు మించి కోయరాదన్న మాటను ఒప్పందంలో రాయించాను. పోర్షన్‌కు విడిగా కరెంటు మీటరు ఉంది. బోరు నీళ్లు కొంచెం ఉప్పదనం, మెట్రో వాటర్ రోజు విడిచి రోజు. నా లెక్క ప్రకారం వడ్డీ నష్టం 325, కరెంటు 150, రంగుల వాటా 396, నీళ్లకు 200, అద్దెతో కలిపి 10,571. విల్లివాక్కం ఇంటి కంటే అద్దె 500 ఎక్కువ, ఖర్చు నెలకు 539 తక్కువ, మెట్లు రెండే.

మిగతా పనులు అంత ఇబ్బంది పెట్టలేదు. పోస్టాఫీసు ఖాతాలను ఇక్కడికి బదిలీ చేయించుకున్నాము. పింఛనుకు ఏటా ఇవ్వవలసిన జీవన ప్రమాణ పత్రాన్ని అమ్మాయి ఫోనులోనే ముఖం చూపించి పంపవచ్చని తెలిసింది. సాధారణ సిటీ బస్సుల్లో మా ఆవిడకు టికెట్టే లేదు. నాకు, చెన్నై చిరునామా చూపించగలిగిన అరవై దాటినవాళ్లందరికీ ఇచ్చినట్లే, నెలకు పది ఉచిత ప్రయాణ టోకెన్లు.

దిగే రోజు గురించి ఒక చిన్న పేచీ వచ్చింది. ఆడి మాసంలో ఇక్కడివాళ్లు మంచిదనుకునే ఒకే ఒక రోజు ఆడి పద్దెనిమిది, ఆగస్టు 3 ఆదివారం, ఆ రోజు పాలు పొంగించమంది యజమానురాలు. ఆ రోజు నవమి అని మా ఆవిడ ససేమిరా అంది. ఇద్దరూ పంచాంగం ఒకరిది ఒకరు తిరగేసి, ఇద్దరికీ పండుగే అయిన ఆగస్టు 8, వరలక్ష్మీ వ్రతం శుక్రవారానికి ఒప్పుకున్నారు. పొద్దున్నే పాలు పొంగాయి. యజమానురాలు తన పూజ ముగించుకొని పసుపు కుంకుమ, ఒక గిన్నెలో శనగల సుండల్ తెచ్చింది. ఆవిడ మా ఆవిడ నుదుట బొట్టు పెడుతుండగా, నేను వాకిట్లో మీటరు ముందు కళ్లజోడు సవరించుకొని నిలబడి, రీడింగు ఎంతో గోడ మీద పెన్సిలుతో రాసి, పక్కన తేదీ వేసి, ఆవిడను పిలిచి చూపించాను. "మీరు చాలా జాగ్రత్త మనిషి సార్" అంటూ ఆ పెన్సిలు నా చేతిలోంచి తీసుకొని, అంకెల కింద అరవంలో తన పొట్టి సంతకం చేసింది.